మడిస్తే నగ.. విప్పితే ఫోను

రాళ్లు పొదిగిన మడత ఫోన్లు, గులాబీ రంగు బటన్ ఫోన్లు మార్కెట్లో మెరుస్తున్నాయి. మిర్చి కల్లాల మధ్య, పత్తి చేల మధ్య, రైలు రద్దీలో బతికే ఎర్రుపాలెం లాంటి ఊళ్లో ఆ సోకు ఎన్నాళ్లు నిలుస్తుంది?

కీలు మీద 26 ముఖాల రాయి ఒకటి. వెనక మూత మీద బొంత కుట్టులాంటి గళ్లు, వాటి మధ్య చిన్న రాళ్లు. అన్నీ కలిపి 35. నగల షాపు అద్దాల వెనక ఉండాల్సిన వస్తువులా కనిపించే ఇది మోటోరోలా రేజర్ 60 ఫోను. స్ఫటికాల నగలకు పేరున్న ఆస్ట్రియా కంపెనీ స్వరోవ్‌స్కీతో కలిసి చేసిన ఈ రకం 2025 సెప్టెంబరులో మన మార్కెట్లోకి వచ్చింది. చెవికి తగిలించుకునే ఇయర్‌బడ్స్‌తో కలిపి రూ.64,999. అదే ఏడాది మార్చిలో హెచ్‌ఎండీ కంపెనీ రూ.7,999కి బార్బీ ఫోను తెచ్చింది. గులాబీ రంగు, ముందు మూత మీద అద్దం, నగల పెట్టె తరహా డబ్బాలో స్టిక్కర్లు, పూసల గొలుసు.

ఒకటి టచ్ ఫోను, ఒకటి బటన్ ఫోను. రెండూ మడత ఫోన్లే, రెండూ అందం చూపించి అమ్ముతున్నవే. ఆన్‌లైన్లో బుక్ చేస్తే ఎర్రుపాలెం గుమ్మం దాకా వచ్చేవే.

ఎర్రుపాలెం ఖమ్మం జిల్లాకు దక్షిణపు కొస. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న మండల కేంద్రం. కాజీపేట-విజయవాడ లైన్లో స్టేషను ఉంది కాబట్టి ఏం కొనాలన్నా ఇటు మధిర, ఖమ్మం, అటు విజయవాడ. సాగర్ ఎడమ కాలువ కింద వరి, మెట్ట చేలల్లో మిర్చి, పత్తి. శనివారం వస్తే జమలాపురం వెంకన్న దర్శనానికి జనం. ఇలాంటి చోట ఫోను మామూలు రోజునే కల్లంలో మిర్చి ఘాటు చూస్తుంది, చేలో పత్తి నూగు చూస్తుంది, రైల్లో నలుగుతుంది, ఏప్రిల్ ఎండకు బండి ట్యాంకు కవర్లో వేగుతుంది. హైదరాబాదు మాల్‌లో ఏసీ కింద నాలుగు రోజులు వాడి ఇచ్చిన మార్కులు ఈ ఊరి కొనుగోలుదారుకు చాలవు. ఇక్కడి కొలబద్ద ఇక్కడే పెట్టుకోవాలి.

మడత ఫోను సోకు ఇవాళ్టిది కాదు. మోటోరోలా స్టార్‌టాక్ 1996లో వచ్చింది. బరువు 88 గ్రాములు. ఇటుకల్లాంటి ఫోన్ల కాలంలో చొక్కా జేబులో ఇమిడిపోయిన తొలి ఫోన్లలో ఒకటి. ఆ తర్వాత 2004లో అదే కంపెనీ తెచ్చిన రేజర్ వీ3 ప్రపంచాన్ని ఊపేసింది. మడిస్తే మందం 13.9 మిల్లీమీటర్లు. అల్యూమినియం ఒళ్లు, ఒకే లోహపు రేకు మీద తీర్చిన అంకెల పలక. వెడల్పు 49 మిల్లీమీటర్లు దాటితే ఫోను చేతిలో సరిగ్గా ఇమడదని అంతకుముందు కంపెనీలోని నిపుణులే తేల్చారు. పలచదనం కోసం తయారీ బృందం ఆ గీత దాటి 53 మిల్లీమీటర్లకు పోయింది. జనం ఆ వెడల్పును పట్టించుకోలేదు. 13 కోట్లకు పైగా ఫోన్లు అమ్ముడయ్యాయి. అందం కోసం సౌకర్యంలో కొంచెం వదులుకోవడానికి మనిషి సిద్ధమేనని ఫోన్ల కంపెనీలు నేర్చుకున్నది అక్కడే. ఎంత వదులుకోవాలన్న లెక్క మాత్రం ఇప్పటికీ తేలలేదు.

మన పల్లెలకు సెల్లు వచ్చిన కాలమూ ఇంచుమించు అదే. 2003లో రిలయన్స్ రూ.501 కట్టించుకుని ఫోను చేతికిచ్చిన పథకం చాలా ఇళ్లకు మొదటి సెల్లును తెచ్చింది. ఆ తరం చేతుల్లో మడత ఫోనుంటే దర్జా. టప్పున తెరిచి హలో అనడం, మాట అయ్యాక టప్పున మూయడం చూసి కుర్రాళ్లు మురిసిపోయేవారు. ఆ టప్పుమనే చప్పుడుకు ఇప్పటికీ గిరాకీ ఉందని కంపెనీలకు తెలుసు. 2003 నాటి తన ఎస్‌జీహెచ్-ఈ700 మడత ఫోనును గుర్తుచేస్తూ శాంసంగ్ 2023లో గెలాక్సీ జెడ్ ఫ్లిప్ 5కి నీలిమందు రంగులో రెట్రో రకం తెచ్చింది అందుకే.

చేతిలో పట్టుకుంటే

సోకు ఫోను అనగానే ఆడవాళ్ల ఫోను అని తేలిగ్గా తీసేసేవాళ్లున్నారు. అలా తీసేయడం తప్పు. చీరకట్టుకు జేబు లేదు. పంజాబీ డ్రెస్సుకు కూడా దర్జీని అడిగి కుట్టించుకుంటేనే ఉంటుంది. ఆరున్నర అంగుళాల టచ్ ఫోనును రోజంతా చేత్తో మోయాలి, లేకపోతే సంచిలో వేసి, మోగితే వెతుక్కోవాలి. రేజర్ 60 విప్పితే 6.9 అంగుళాల తెర, మడిస్తే దాదాపు 88 మిల్లీమీటర్ల పొడవు, 74 వెడల్పు. అరచేతిలో పట్టే చిన్న పర్సులో కూర్చుంటుంది. మడతకు ఇంతకంటే పెద్ద సమర్థన అక్కర్లేదు. అయితే మడిచాక మందం దాదాపు 16 మిల్లీమీటర్లు, బరువు 188 గ్రాములు. ప్యాంటు జేబులో ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఈ ఆకారం ఎక్కువ అక్కరకొస్తుంది.

తెరవడం దగ్గర పాత మడత ఫోనుకూ కొత్తదానికీ చాలా తేడా ఉంది. బటన్ మడత ఫోను కీలులో స్ప్రింగు ఉంటుంది. బొటనవేలితో కాస్త లేపితే మిగతాది అదే తెరుచుకుంటుంది. కొత్త టచ్ మడత ఫోను అలా కాదు. ఏ కోణంలో ఆపితే ఆ కోణంలో నిలబడాలి కాబట్టి కీలును బిగుతుగా చేస్తారు. ఒక చేతిలో కూరగాయల సంచి పట్టుకుని రెండో చేతి బొటనవేలితో తెరవడం కుదురుతుంది గానీ, అలవాటు పడటానికి కొన్నాళ్లు పడుతుంది. వేలిగోరు తెర అంచుకు గుచ్చుకుంటుందేమోనన్న బెదురూ ఉంటుంది. పాత టప్పుమనే సరదా ఆశించి కొన్నవాళ్లకు ఇది మొదటి నిరాశ.

ఆ బిగుతుకు బదులుగా దక్కేది చిన్నదేం కాదు. ఫోనును సగం మడిచి గూట్లోనో బల్ల మీదో పెడితే స్టాండు అక్కర్లేకుండా నిలబడుతుంది. అమెరికాలో ఉన్న కూతురితో వీడియో కాల్ మాట్లాడుతూ రెండు చేతులా కూర తరుక్కోవచ్చు. చెంబుకు ఆనించిన ఫోను జారి పడటం, మనవడు తెరలోంచి మాయమై పైకప్పు కనిపించడం తెలుగిళ్లలో రోజూ జరిగేదే. ఆ ఇబ్బంది తీర్చిన ఒక్క పనికే మడత ఫోనుకు సగం మార్కులు ఇవ్వొచ్చు. జమలాపురం గుట్ట దగ్గర కుటుంబమంతా నిలబడి ఫొటో దిగాలన్నా ఇదే మేలు. ఫోను మూసి ఉంచి, బయటి తెరలో మన మొహాలు మనం చూసుకుంటూ, వెనక ఉండే మంచి కెమెరాతోనే సెల్ఫీ తీసుకోవచ్చు. మామూలు ఫోన్లలో సెల్ఫీకి వాడే ముందు కెమెరా దాదాపు ఎప్పుడూ వెనక కెమెరా కంటే తక్కువ రకమే.

బయటి తెర దగ్గరే ఈ ఫోన్ల తలరాత తేలుతుంది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన తొలి గెలాక్సీ జెడ్ ఫ్లిప్‌కు బయట ఉన్నది 1.1 అంగుళాల చిన్న పట్టీ. టైము చూడటానికి తప్ప దేనికీ చాలదు. ఫ్యాషన్ డిజైనర్ థామ్ బ్రౌన్ చారలు వేసి అమెరికాలో 2,480 డాలర్లకు అమ్మిన రకానికీ అదే పట్టీ. 2023లో ఫ్లిప్ 5 నాటికి అది 3.4 అంగుళాలైంది, 2025లో ఫ్లిప్ 7కి 4.1. రేజర్ 60కి 3.6. కిరాణా కొట్లో "స్కానర్ ఏదీ?" అని అడిగి డబ్బు కొట్టడం, ఆటో ఎక్కుతూ వాట్సాప్ వాయిస్ మెసేజి వినడం, రైలు ఎక్కడుందో చూసుకోవడం లాంటి పనులకు ప్రతిసారీ ఫోను విప్పాలంటే విసుగు పుడుతుంది. మోటోరోలాలో చాలా యాప్‌లు మూసి ఉన్న ఫోను మీదే నడుస్తాయి. శాంసంగ్‌లో అదే సౌకర్యం కావాలంటే గుడ్ లాక్ అనే విడి యాప్ వేసుకుని సెట్ చేసుకోవాలి. లక్ష రూపాయల పైచిలుకు తీసుకున్న కంపెనీ ఈ పని కొన్నవాళ్లకు వదిలేయడం బాగాలేదు.

ఇక బార్బీ ఫోను. మూసి ఉన్నప్పుడు ముందు మూత అచ్చంగా అద్దం. కాల్ వస్తే ఆ అద్దం వెనక నుంచి 1.77 అంగుళాల తెర వెలుగుతుంది. బొట్టు సరిచూసుకోవడానికి, రైలు దిగే ముందు తల సర్దుకోవడానికి బ్యాగులో వేరే అద్దం అక్కర్లేదు. విప్పితే గులాబీ రంగు బటన్లు. చీకట్లో వాటి మీద హృదయాలు, తాటిచెట్లు, రాజహంసల్లాంటి ఫ్లమింగో పక్షుల బొమ్మలు వెలుగుతాయి. ఆన్ చేస్తే "హాయ్ బార్బీ" అని పలకరిస్తుంది. చేసినవాళ్లు ముచ్చటపడి చేశారని ప్రతి మూలా చెబుతుంది.

పై తొడుగు తీసి చూస్తే సంగతి వేరు. నోకియా 2660 ఫ్లిప్ అని ఇదే కంపెనీ 2022లో రూ.4,649కి ఒక మడత ఫోను తెచ్చింది. లోపలి తెర 2.8 అంగుళాలు, బయటిది 1.77, బ్యాటరీ 1450 ఎంఏహెచ్, కెమెరా 0.3 మెగాపిక్సెల్. బార్బీలోనూ అవే అంకెలు, దాదాపు అదే కొలత, అదే బరువు. కొత్త చార్జింగ్ పిన్ను, మార్చుకునే వెనక మూతలు, అద్దం, రంగు తప్ప ఒళ్లు ఒకటే. మూడు వేల పైచిలుకు తేడా దేనికి కడుతున్నామో తెలుసుకుని కట్టాలి. వాట్సాప్ రాదు. రూ.1,500 డిపాజిట్‌తో ఇచ్చిన జియోఫోనులోకి 2018లోనే వాట్సాప్ వచ్చిన దేశంలో, రూ.7,999 తీసుకుని అది ఇవ్వకపోవడాన్ని ఫోను ధ్యాస తగ్గించే ఉపకారంగా కంపెనీ చెప్పుకుంటోంది. ఇంకో టచ్ ఫోను చేతిలో ఉండి, ఆదివారం కాస్త తెరిపిన పడాలనుకునే హైదరాబాదు అమ్మాయికి ఆ మాట చెల్లుతుంది. స్కూలు గ్రూపు, పొదుపు సంఘం గ్రూపు, ధాన్యం కొనుగోలు కబురు అన్నీ వాట్సాప్‌లోనే వచ్చే ఊళ్లో ఒకే ఫోను ఉన్న ఇల్లాలికి చెల్లదు.

విచిత్రమేమిటంటే ఏ సోకూ లేని నోకియా 2660 ఈ ఊరికి ఎక్కువ అతుకుతుంది. పెద్ద అంకెలు, వినికిడి యంత్రంతో పనిచేసే ఏర్పాటు, పక్కనే అత్యవసర బటను. అది నొక్కితే ముందుగా పెట్టుకున్న అయిదుగురి దాకా కబురు పోతుంది. పెద్దవాళ్లకు మడతలో ఉన్న అసలు మేలు మరొకటుంది. టచ్ ఫోనులో కాల్ కట్టయిందో లేదో తెలియక అటువైపు వాళ్లకు ఇంటి మాటలన్నీ వినిపించడం చాలా ఇళ్లలో జరిగిందే. మడత మూస్తే కాల్ కట్టయినట్టే. దాంట్లో అనుమానం లేదు. డబ్బు పంపడానికి కూడా దారి లేకపోలేదు. బటన్ ఫోన్ల కోసం రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో మొదలుపెట్టిన యూపీఐ 123పే ద్వారా ఫోను చేసి, చెప్పిన అంకెలు నొక్కి చెల్లించొచ్చు. ఒక్కో చెల్లింపు పరిమితిని 5 వేల నుంచి 10 వేలకు పెంచాలని 2024 అక్టోబరులో నిర్ణయించారు. ఇంత ఉపయోగమున్న ఒంటికి బార్బీ అంత అందం తొడిగి, వాట్సాప్ చేర్చి, అయిదు వేల లోపు ఇచ్చి ఉంటే పల్లెల్లో కూడా విరగబడి కొనేవారు. అందం ఒక ఫోనుకు, అక్కర ఒక ఫోనుకు పంచడం దగ్గరే తయారీదారు పొరబడ్డాడు.

కల్లం దుమ్ము

"అన్నా, మడిచీ మడిచీ ఇరగదా ఇది?" మడత టచ్ ఫోను చూసిన ప్రతివాళ్లూ మొదట అడిగే ప్రశ్న ఇదే. నిజానికి మడతల లెక్క భయపడాల్సినంత లేదు. శాంసంగ్ తన మడత ఫోన్లను 2 లక్షల సార్లు మడిచి పరీక్షించినట్టు చెబుతూ వచ్చింది. రోజుకు వందసార్లు మడిచినా అయిదున్నరేళ్లకు గానీ ఆ లెక్క నిండదు. అప్పటికి ఎలాగూ ఫోను మారుస్తారు.

భయపడాల్సింది దుమ్ముకు.

మడిచే తెర మీద ఉన్నది మామూలు గాజు కాదు. జెడ్ ఫ్లిప్‌తో శాంసంగ్ తెచ్చిన గాజు మందం 30 మైక్రాన్లు, తలవెంట్రుక కంటే పలచన. దాని మీద ప్లాస్టిక్ పొర. కింద కీలులో గేర్లు, పలకలు, తెర వంగినప్పుడు దానికి చోటిచ్చే సందులు. ఒక్క ఇసుక రేణువు ఆ సందులోకి దిగి తెర వెనక చేరితే, మూసినప్పుడల్లా లోపలి నుంచి పొడుస్తుంది. 2019 ఏప్రిల్‌లో శాంసంగ్ తొలి గెలాక్సీ ఫోల్డ్‌కు జరిగిన అవమానం గుర్తుండే ఉంటుంది. పరీక్షించడానికి ఇచ్చిన ఫోన్లు రోజుల వ్యవధిలో పాడయ్యాయి. కొందరు పై పొరను స్క్రీన్ గార్డు అనుకుని పీకేశారు, కొన్నింట్లో కీలు దగ్గర చెత్త దూరింది. ఏప్రిల్ 26న రావాల్సిన ఫోను సెప్టెంబరుకు వాయిదా పడింది. తర్వాత కీలు లోపల సన్నటి కుంచె పోగులు పెట్టి దుమ్మును ఊడ్చే ఏర్పాటు చేశారు. మూసినప్పుడు మధ్యలో మిగిలే ఎడం కూడా శాంసంగ్‌లో 2023 నాటి ఫ్లిప్ 5తో పోయింది. ఎడం పోవడం చూపుకే కాదు, మన్నికకూ మేలు.

అయినా డబ్బా మీద ఉన్న ఐపీ అంకెలు చదివితే అసలు గుట్టు తెలుస్తుంది. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. ఫ్లిప్ 5కి ఐపీఎక్స్8. నీటిలో పడినా ఫరవాలేదు, దుమ్ము సంగతి మాత్రం పరీక్షించి చెప్పలేదని అర్థం. ఫ్లిప్ 6, ఫ్లిప్ 7, రేజర్ 60కి ఐపీ48. ఇందులో 4 అంటే ఒక మిల్లీమీటరు కంటే పెద్దవాటిని ఆపుతుంది. కల్లంలో మిర్చి ఎగజల్లినప్పుడు లేచే ధూళి, పత్తి తీసేటప్పుడు ఎగిరే నూగు, ట్రాక్టరు వెనక లేచే దుమ్ము ఏదీ మిల్లీమీటరు ఉండదు. దుమ్మును పూర్తిగా ఆపుతుందని చెప్పాలంటే ఆ మొదటి అంకె 6 కావాలి. మడత ఫోనుకు అది సాధ్యం కాదన్న మాట 2025 దాకా చెల్లింది. ఆ ఏడాది గూగుల్ పుస్తకంలా తెరుచుకునే పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్‌కు ఐపీ68 సాధించింది. కాబట్టి కుదరదన్న సాకు ఇక చెల్లదు. కీలు మీద రాయి పొదగడానికి పడ్డ శ్రద్ధ కీలు లోపలి దుమ్ము మీదా పెట్టమని అడగడానికి కొనేవాళ్లకు హక్కుంది. మిర్చి పండే జిల్లాలో ఈ మాట ఇంకా గట్టిగా అడగాలి.

ఎండ మరో శత్రువు. చుట్టూ 35 డిగ్రీల లోపు వేడి ఉన్నప్పుడే తమ ఫోన్లు వాడమని శాంసంగ్, ఆపిల్ లాంటి కంపెనీలే చెబుతాయి. ఖమ్మం జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మామూలు. మడత ఫోనులో ఒకదాని మీద ఒకటి అతికించిన పొరలు ఎక్కువ. వేడికి వాటి మధ్య జిగురు బలం తగ్గడం, మధ్య గీత దగ్గర పై పొర లేచి బుడగ కట్టడం వాడేవాళ్లు తరచూ చెప్పే ఫిర్యాదు. బండి మీద ఎండలో వదిలేస్తే ఏ ఫోనుకైనా చేటే. దీనికి మరీ చేటు.

మరమ్మతు దగ్గర పల్లెవాసికీ పట్నవాసికీ దూరం ఇంకా పెరుగుతుంది. మామూలు టచ్ ఫోను పగిలితే మధిరలోనో మండల కేంద్రంలోనో షాపుకు ఇస్తే సాయంత్రానికి తెర (కాంబో) మార్చి ఇస్తారు. మడత ఫోను లోపలి తెర అలా మారదు. కీలుతో కలిసిన భాగంగా కంపెనీ సర్వీసు సెంటర్లోనే మార్చాలి. దానికి ఖమ్మమో విజయవాడో పోవాలి. పోయిన రోజునే పార్టు ఉంటుందన్న భరోసా లేదు. ఒక రోజు కూలి, రైలు చార్జీ, ఆ మధ్యలో ఫోను లేని రోజులు, ఇవేవీ ధర పక్కన రాయరు. బటన్ మడత ఫోనుకు ఈ బాధ లేదు. బార్బీకైనా నోకియాకైనా వెనక మూత తీసి బ్యాటరీ మనమే మార్చుకోవచ్చు.

సిమ్ముల లెక్క చాలామంది కొన్నాకే గమనిస్తారు. రేజర్, జెడ్ ఫ్లిప్ ఫోన్లలో సిమ్ము పెట్టే గూడు ఒక్కటే. రెండో నంబరు కావాలంటే ఈ-సిమ్‌గా మార్పించుకోవాలి. మెమరీ కార్డుకు చోటే లేదు. ఒక నెట్‌వర్కు సిగ్నలు లేనిచోట రెండోది పనికొస్తుందని రెండు సిమ్ములు వేసుకోవడం ఇక్కడ అలవాటు. ఉద్యోగం మీద భద్రాచలం వైపు అడవి పల్లెలకు తిరిగేవాళ్లకు అది అవసరం కూడా. సిమ్ము తీసి ఇంకో ఫోనులో వేసుకునే వెసులుబాటు ఈ-సిమ్‌తో పోతుంది. ఫోను పాడైన రోజున నంబరు కూడా దాంతోపాటే సర్వీసు సెంటరుకు పోతుంది.

కౌంటరు దగ్గర

ఇన్ని తెలిసీ కొనాలనిపిస్తే తప్పేం లేదు. పెళ్లికి పట్టుచీర ఎందుకని ఎవరూ అడగరు. మెచ్చిన వస్తువు చేతిలో ఉండాలనుకోవడం పట్నం వాళ్ల సొత్తేమీ కాదు. మట్టిలో పని చేసే చేతికి మెరిసే ఫోను అక్కర్లేదనడం అన్యాయం. కానీ రాళ్ల మెరుపు కింద మొహమాటపడకుండా షాపులో కాసేపు నిలబడాలి. డెమో ఫోనును ఒక్క చేత్తోనే తెరిచి మూయాలి. సగం మడిచి కౌంటరు మీద పెట్టి, పక్కన తట్టి, నిలబడుతుందో వంగుతుందో చూడాలి. మధ్య గీత మీద వేలు నిలువునా నడిపించాలి. తెర ఆపేసి ట్యూబులైటు కింద పక్కకు వంచితే ఆ గీత లోతు కంటికే తెలుస్తుంది. బయటి తెర మీద ఫోన్‌పే తెరిచి స్కాన్ చేసి చూపమనాలి.

స్వరోవ్‌స్కీ రకం మీద మనసు పడ్డవాళ్లు రాళ్లు లేని రేజర్ 60 ధర కూడా అడగాలి. 2025 వేసవిలో అది రూ.49,999కి వచ్చింది. లోపలి తెర, బ్యాటరీ, కీలు, ఐపీ48 రెండింటికీ ఒకటే. మిగిలే పదిహేను వేలలో ఇయర్‌బడ్స్ ఖరీదు పోగా ఉన్నది రాళ్లకు, ఆ గళ్ల మూతకు. ఆ డబ్బులో కొంత స్క్రీను బీమాకు పెడితే, మిర్చి సీజనులో తెర పోయినా మళ్లీ అప్పు చేయక్కర్లేదు. కొన్నది ఏదైనా లోపలి తెర మీద ఉన్న పొరను మాత్రం పీకకూడదు, దాని మీద టెంపర్ గ్లాసు వేయిస్తానంటే ఒప్పుకోకూడదు. గట్టి గాజు వంగదు. ఆ ఒత్తిడి కింది తెర మీద పడితే వారంటీలో కూడా మార్చరు.